డోలీ మోతలు ఆగాలంటే రోడ్డు ప్రపోజల్ ఊరి నుంచే కదలాలి

ఎడిటర్ గారికి నమస్కారం. అల్లూరి జిల్లా కొండల్లో రోడ్డు లేక గర్భిణిని డోలీలో మోసుకెళ్తున్న వార్త పేపర్లో చూసిన ప్రతిసారీ కడుపు తరుక్కుపోతోందండీ. రోడ్లు పడనిది డబ్బుల్లేక కాదు కదా, పీఎంజీఎస్‌వై (కేంద్రం గ్రామీణ రోడ్ల పథకం) నాలుగో విడతకి కేంద్రం 2024లోనే 70,125 కోట్లు ఓకే చేసింది, మైదానంలో 500 జనాభా ఉండాలి కానీ ఏజెన్సీలో 250 ఉంటే చాలు, ఆదిమ తెగల కోసం పెట్టిన కేంద్ర పథకం పీఎం జన్‌మన్‌లో అయితే ఆదిమ తెగల ఊళ్ళకి 100 మంది ఉన్నా రోడ్డు ఇస్తారు. మరి ఎక్కడ ఆగుతోందంటే చాలాచోట్ల అటవీ పర్మిషన్ దగ్గరే. కానీ అటవీ హక్కుల చట్టం 3(2) సెక్షన్ ప్రకారం హెక్టారు లోపు భూమి, హెక్టారుకి 75 చెట్లు మించకుండా పోయే రోడ్డుకి గ్రామసభ సిఫార్సు చేస్తే డీఎఫ్ఓ (డివిజన్ అటవీ అధికారి) స్థాయిలోనే పర్మిషన్ ఇవ్వొచ్చు, ఈ సంగతి ఊళ్ళో ఎవరు చెప్తున్నారు? అడవి బిడ్డలు ఇంగ్లీష్ ఫారాలు ఎలా నింపుతారు చెప్పండి, సర్వే, మ్యాపు, అంచనాలు ఇంజినీర్లే ఊరికొచ్చి చెయ్యాలి. ప్రతి మండలంలో ఎంపీడీఓ గారు రోడ్డు లేని ఊళ్ళ లిస్టు, ఏ ఫైలు ఎవరి టేబుల్ మీద ఉందో ఆఫీసు గోడ మీద తెలుగులో అంటించాలి, కలెక్టర్ గారు నెలనెలా అది చూడాలి.

— ఒక పాఠకుడు, విశాఖపట్నం