రెండో తరగతి పిల్లల పళ్లు ఇప్పుడే చూడాలి

సంపాదకులకు నమస్కారం.

1918లో పుట్టిన ఉస్మానియా విశ్వవిద్యాలయానికి ప్రజారోగ్యంలో పెద్ద వారసత్వమే ఉంది. 1897లో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా క్రిమిని కనిపెట్టిన బేగంపేట భవనం దాని చేతిలోనే ఉంది. మన నల్లగొండ మహాత్మాగాంధీ విశ్వవిద్యాలయం 2007లో ఆ చెట్టు నుంచి వచ్చిన కొమ్మే. నీళ్లలో ఫ్లోరైడ్ ఎక్కువై పళ్లు, ఎముకలు దెబ్బతినే జబ్బు ఫ్లోరోసిస్. నల్లగొండ ఫ్లోరోసిస్ గురించి బ్రిటిష్ మెడికల్ జర్నల్ 1955లోనే అచ్చు వేసింది. పటిక, సున్నంతో నీళ్లలోని ఫ్లోరైడ్ తీసే పద్ధతికి మన జిల్లా పేరే పెట్టారు. ఆ పేరు నిలబెట్టే పని ఒకటి ఇప్పుడు మన జిల్లా మర్రిగూడ, మునుగోడు బడుల్లో ఉంది: రెండో తరగతి పిల్లల పళ్లు, ఊరి బోరు నీళ్లు పరీక్షించడం.

ఇంటింటికీ వచ్చే మిషన్ భగీరథ నల్లా నీళ్లతో ఫ్లోరైడ్ బాధ తీరిందనుకుంటున్నాం. తీరిందో లేదో పిల్లల నోట్లోని ముందుపళ్లే చెప్తాయి. ఆ పళ్ల పైపొర బిడ్డ పుట్టినప్పటి నుంచి నాలుగైదేళ్లలోపు దవడ లోపలే తయారవుతుంది. ఆ వయసులో తాగిన నీళ్ల గుర్తు దానిమీద పడుతుంది, ఏడేళ్లకు పన్ను బయటికొచ్చాక గానీ కనబడదు. నల్లా నీళ్లు వచ్చాక పుట్టిన పిల్లలకు ఇప్పుడే పాలపళ్లు ఊడి కొత్తవి వస్తున్నాయి.

చూడటంలోనే పొరపాట్లు జరుగుతాయి. కొత్త పన్ను మీద సుద్దలాంటి తెల్లమచ్చే ఉంటుంది, గోధుమరంగు తర్వాత పడుతుంది. మరక లేదని బాగున్నట్టు రాసుకోవద్దు. పన్ను దూదితో తుడిచి, ఆరనిచ్చి, పగటి వెలుతురులో చూడాలి. తడి పన్ను మీద పలచని మచ్చ దొరకదు. ఫ్లోరైడ్ మచ్చ కుడి ఎడమ జంట పళ్ల మీద ఒకే తీరుగా ఉంటుంది. ఒక్క పన్నుకే ఉంటే కారణం వేరే కావచ్చు.

నల్లా ఉన్న ఇంట్లోనూ వంటకు బోరు నీళ్లే వాడుతుండొచ్చు, ఆ సంగతి తల్లినే అడగాలి. పరీక్షకు బోరు నీళ్లు ఐదు నిమిషాలు పారనిచ్చాక ప్లాస్టిక్ సీసాలో పట్టాలి. గాజుతో ఫ్లోరైడ్ చర్య జరుపుతుంది. ఎండలు ముదిరిన మే నెలలో ఒకసారి, వానలు వెళ్లాక ఒకసారి పట్టాలి. ఫ్లోరైడ్ కొలిచే కడ్డీ, అంటే ఎలక్ట్రోడ్‌తో కొలిచేటప్పుడు ఫ్లోరైడ్‌ను విడిపించే బఫర్ ద్రావణం కలపడం మరిచారో, నీళ్లలోని అల్యూమినియం ఫ్లోరైడ్‌ను పట్టుకుని కూర్చుంటుంది, అంకె తక్కువ చూపిస్తుంది. పటికలో అల్యూమినియం ఉంటుంది కాబట్టి, పటిక వేసి శుద్ధి చేసిన నీళ్లకైతే ఈ జాగ్రత్త మరీ ముఖ్యం. ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాముల హద్దు దాటిన నీళ్లు ఆ తప్పుడు అంకెతో మంచినీళ్లు అయిపోతాయి.

ఈ పని రెండు విశ్వవిద్యాలయాలూ దంతవైద్యులను కలుపుకుని, తల్లిదండ్రుల సంతకం తీసుకుని చేయాలి. విశ్వవిద్యాలయ విద్యార్థులు ఏటా అదే బడికి, అదే బోరుకు తిరిగి వెళ్లాలి. నీళ్ల అంకెలు ఊరి పేరుతో పంచాయతీ గోడ మీద తెలుగులో రాయించాలి. పిల్లల పేర్లు మాత్రం బయటపెట్టొద్దు. మొదటి నీళ్ల సీసాలు వచ్చే మే నెలలోనే నిండాలని మా విన్నపం.

— ఒక పాఠకుడు, నల్లగొండ