వార్షిక నివేదిక: పంట రాబడి సరే, దాని ఖర్చు సంగతేమిటి?

సభ్యులందరికీ నమస్కారం.

"ఎప్పుడూ ఎరువులూ నీళ్ళేనా, మొక్క ఊపిరి గురించి ఎవరూ మాట్లాడరేం?" అని కిందటి సర్వసభ్య సమావేశంలో ఒక సభ్యురాలు అడిగారు. ఈ ఏడాది మన పనంతా దాదాపు ఆ ప్రశ్న చుట్టూనే తిరిగింది.

మొదటి రెండు సమావేశాలు ఒక అపోహ వదిలించుకోవడానికే సరిపోయాయి. మొక్క పగలు ఆహారం తయారుచేసి రాత్రి మాత్రమే శ్వాసిస్తుందని మనలో చాలామందిమి చిన్నప్పటి నుంచీ నమ్ముతున్నాం. నిజానికి శ్వాసక్రియ, అంటే తయారైన చక్కెరను ఖర్చుపెట్టి శక్తి తీసుకునే పని, 24 గంటలూ నడుస్తుంది. ఆకులోనే కాదు, వేరులో, కాండంలో, గింజలో కూడా. పగలు ఆకులో రాబడి ఎక్కువ కాబట్టి ఖర్చు పైకి కనబడదు, అంతే. కిరణజన్య సంయోగక్రియలో కట్టుకున్న కార్బన్‌లో దాదాపు సగం దాకా శ్వాసలోనే తిరిగి గాలిలో కలిసిపోతుంది.

దీన్ని కళ్ళారా చూద్దామని ఫ్లాస్కుల ప్రయోగం పెట్టాం. ఒక ఫ్లాస్కులో మొలకెత్తుతున్న పెసలు, ఇంకోదాంట్లో ఉడికించి చల్లార్చినవి పోసి, మూతి దగ్గర దూది కుక్కి థర్మామీటర్లు దించాం. మర్నాటికి మొలకల ఫ్లాస్కు వేడెక్కింది. అందరం సంబరపడ్డాం. మూడో రోజుకి ఉడికించినవీ వేడెక్కాయి! చచ్చిన గింజలు ఊపిరి తీయడమేమిటని ఒకటే చర్చ. దూది తీస్తే వాసన గుప్పుమంది. గింజలకు బూజు పట్టింది, ఆ వేడి బూజు శ్వాసది. రెండోసారి గింజల్ని పలచటి బ్లీచింగ్ నీళ్ళతో కడిగి పెడితే లెక్క కుదిరింది. నా మటుకు నాకు ఆ పాడైన ప్రయోగమే ఎక్కువ నేర్పింది. తడి ఆరని ధాన్యం రాశిలో చెయ్యి పెడితే వెచ్చగా తగిలేది కూడా ఇదే వేడి. గింజలూ వాటి మీది బూజూ కలిసి, ఇంటికొచ్చిన పంటను కూడా తింటూనే ఉంటాయి.

ఇక అందరినీ కట్టిపడేసిన చర్చ నువ్వుల మీద జరిగింది. ఎంత చేసినా నువ్వుల దిగుబడి వరి దరిదాపులకు రాదేమని ఒక సభ్యుడికి ఏళ్ళ నాటి బాధ. కారణాల్లో ఒకటి గింజలోనే ఉంది. ఒక గ్రాము గ్లూకోజుతో మొక్క సుమారు 0.8 గ్రాముల పిండిపదార్థం కట్టగలదు, మాంసకృత్తులైతే 0.4 గ్రాములే, నూనెయితే మూడో వంతే. 1970ల్లో డచ్ శాస్త్రవేత్త పెన్నింగ్ డి వ్రీస్ బృందం వేసిన లెక్క ఇది. తూకంలో తగ్గినా నువ్వు గింజలో శక్తి చిక్కగా ఉంటుందని వివరించాక ఆయన కాస్త శాంతించారు.

మరి శ్వాస తగ్గిస్తే దిగుబడి పెరుగుతుందా? దీని మీద గొంతులు లేచాయి. శ్వాసంతా దుబారా కాదు. కొత్త ఆకు, కొత్త గింజ కట్టడానికయ్యే ఖర్చు వేరు, ఉన్న కణాలు చెడకుండా చూసుకునే పోషణ ఖర్చు వేరు. మొదటిది కోస్తే పెరుగుదలే ఆగుతుంది. కోయడానికి వీలుంటే రెండోదాంట్లోనే. ఎండ తగలని కింది ఆకులు రాబడి తేకపోయినా ఈ ఖర్చు పెడుతూనే ఉంటాయి. వేడి 10 డిగ్రీలు పెరిగితే శ్వాస వేగం కాసేపట్లోనే దాదాపు రెట్టింపవుతుంది, అయితే రోజులు గడిచేకొద్దీ మొక్క కొంత సర్దుకుంటుంది.

ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధన సంస్థ పొలాల లెక్కల మీద 2004లో వచ్చిన పరిశోధనను ఒక సమావేశంలో చదివాం. పొడి కాలపు పంటలో రాత్రి కనిష్ఠ ఉష్ణోగ్రత ఒక డిగ్రీ పెరిగితే వరి దిగుబడి సుమారు 10 శాతం తగ్గిందట. నేరమంతా శ్వాసదేనని కొందరు తీర్మానం చేయబోయారు గానీ నేను ఒప్పుకోలేదు. రాత్రి వేడికి పుప్పొడి దెబ్బతిన్నా తాలు గింజలు పెరుగుతాయి.

జమాఖర్చులు ఆడిట్ అయ్యాయి, ప్రతులు సమావేశంలో ఇస్తాం. హాజరు మాత్రం పంట పనుల రోజుల్లో బాగా పడిపోయింది.

వచ్చే ఏడాది నీళ్ళు నిలిచిన చేలో వేరు పడే అవస్థ చూద్దాం. గాలి అందితే ఒక గ్లూకోజు అణువు నుంచి 30 దాకా ఏటీపీలు (కణం పనులకు శక్తినిచ్చే అణువులు) వస్తాయి, అందకపోతే రెండే. రెండు కుండీల్లో మొక్కలు పెంచి, ఒకదాని అడుగు రంధ్రం మూసేసి పోల్చాలని ఆలోచన. కుండీలు ఉన్నాయి. ఫ్లాస్కుల్లో ఒకటి మాత్రం పగిలింది, ఎవరింట్లోనైనా వాడకుండా పడి ఉంటే తెచ్చివ్వండి.

— కార్యదర్శి