అరెస్టయిన రోజు ఫోటో పెడతారు, కేసులోంచి పేరు తీసేసిన రోజు ఎవరు పెడతారు

ఎడిటర్ గారికి నమస్కారం.

మాది విశాఖపట్నం. జిల్లా కోర్టు దగ్గర నాకు చిన్న జిరాక్స్ షాపు ఉందండి, 18 ఏళ్ళ నుంచి ఇదే పని, జిరాక్సు, టైపింగు, లామినేషను. లాయర్లు, వాళ్ళ గుమస్తాలు, కోర్టు డ్యూటీ కానిస్టేబుళ్ళు, కేసుల్లో ఉన్నవాళ్ళ ఇంట్లోవాళ్ళు అందరూ వస్తుంటారు కాబట్టి కేసు ఎలా మొదలవుద్దో ఎలా ముగుస్తుందో రెండూ నా మెషిన్ మీద నుంచే వెళ్తాయి. పోలీసులంటే నాకు కోపమేం లేదు, ముందే చెప్తున్నా. రాత్రి రెండింటికి ఏజెన్సీ రోడ్డు మీద నిలబడి గంజాయి బళ్ళు ఆపేవాళ్ళ కష్టం తెలీనివాణ్ణి కాదు. ఒకే ఒక్క విషయం గురించి రాస్తున్నా, అరెస్టు చేసిన రోజే మనుషుల ఫోటోలు ఫేస్‌బుక్‌లో, ఇన్‌స్టాలో, వాట్సాప్ గ్రూపుల్లో పెట్టేయడం గురించి.

కొన్ని నెలల కింద ఒకావిడ షాపుకొచ్చింది. యాభై దాటుంటాయి, చేతిలో ప్లాస్టిక్ కవరు, దాంట్లో ఛార్జిషీటు కాపీ. 32 కాపీలు తియ్యమంది. ఒక్క కేసుకి 32 ఎందుకమ్మా అని అడిగా. తను వంట చేసే అపార్ట్‌మెంట్‌లో 32 ఫ్లాట్లు ఉన్నాయంట, ఇంటికో కాపీ ఇస్తానంది.

ఆవిడ కొడుకు బైక్ టాక్సీ నడుపుతాడు. ఒకరోజు ఎవడో బుక్ చేసి, ఎక్కేముందు యాప్‌లో క్యాన్సిల్ కొట్టేసి, డైరెక్టుగా డబ్బులిస్తా ఆర్టీసీ కాంప్లెక్స్ దగ్గర దింపెయ్ అన్నాడంట. అది తప్పే, కానీ కమిషన్ మిగులుద్ది కదాని ఆ కుర్రాళ్ళలో చాలామంది చేసే పనే. దార్లో వాహనాల తనిఖీ. వెనక కూర్చున్నోడి బ్యాగులో ఆరు కిలోల గంజాయి. ఇద్దర్నీ పట్టుకున్నారు, అంతకుముందు దొరికిన ఇంకో ముగ్గుర్ని కలిపి ఐదుగుర్ని ఒకే కేసులో చూపించారు. ఇంతవరకు పోలీసుల్ని నేనేం అననండి, ఆ టైములో ఎవరైనా అనుమానిస్తారు, యాప్‌లో రైడ్ కూడా లేదాయె. ఏ స్టేషనో రాయను, ఒక్క స్టేషన్ గొడవ కాదిది.

సాయంత్రానికి పోలీసుల పేజీలో ఫోటో వచ్చేసింది. టేబుల్ మీద బ్రౌన్ టేపు చుట్టిన ప్యాకెట్లు, పక్కన సెల్‌ఫోన్లు వరసగా, కుర్చీల్లో ఆఫీసర్లు, వెనక ఐదుగురు నిలబడి ఉన్నారు. ముసుగుల్లేవు. ఆ కుర్రోడు ఎడమ నుంచి రెండోవాడు, నీలం గళ్ళ చొక్కా, చేతులు ముందు కట్టుకుని నేలకేసి చూస్తున్నాడు. ఆవిడ ఆ ఫోటో నాకు తన ఫోన్లో చూపించింది, చూపిస్తూ రెండు వేళ్ళతో పెద్దది చేసింది, మొహం కాదు, కాళ్ళు. "సూడు బాబూ, సెప్పులు కూడా లేవు" అంది. ఆ మాట ఇప్పటికీ నా చెవిలోనే ఉంది.

కింద కామెంట్లు నేను చదివా. ఎన్‌కౌంటర్ చేసేయండి సార్ అని ఒకడు, వీళ్ళ ఇళ్ళు కూలగొట్టాలని ఇంకోడు, చప్పట్ల బొమ్మలు వందల్లో. అప్పటికి ఎఫ్ఐఆర్ రాసి ఇరవై నాలుగ్గంటలు కూడా అవ్వలేదు. ఆ రాత్రే అపార్ట్‌మెంట్ గ్రూపులోకి ఫోటో వచ్చింది, మర్నాడు పొద్దున్న గేటు దగ్గర సెక్రటరీ గారు, కొన్నాళ్ళు రావద్దమ్మా మేమే కబురు చేస్తాం అన్నారంట. తొమ్మిదేళ్ళు వాళ్ళ వంటింట్లో తిరిగిన మనిషండి ఆవిడ. పండక్కి వాళ్ళ అరిసెలు వండింది ఈవిడే.

తర్వాత దర్యాప్తులో యాప్ రికార్డు తెప్పించారు, కాల్ డేటా తీశారు, ఆ కుర్రోడికీ వెనక కూర్చున్నోడికీ ముందెప్పుడూ ఒక్క ఫోన్ కూడా లేదని తేలింది. ఛార్జిషీటు వేసినప్పుడు పేరు తీసేశారు. చూడండి, వాడు అమాయకుడని తేల్చిందీ పోలీసులే. పని సరిగ్గా చేశారు. కానీ ఆ సంగతి ఎక్కడుందంటే ఛార్జిషీటులో ఛార్జి వెయ్యని వాళ్ళ కాలమ్ అని ఒకటుంటుంది, అందులో ఒక్క లైను, ఇంగ్లీషులో. ఆవిడకి ఇంగ్లీషు కాదు తెలుగు చదవడమూ రాదు. మా గుంటడి పేరేది బాబూ అనడిగితే వెతికి పెన్సిల్‌తో కింద గీత గీసి చూపించా. కాసేపు దానికేసే చూసి, "అంత పెద్ద బొమ్మేసి, ఇంత సిన్న ముక్కా" అంది. డబ్బులు తీసుకోలేదండి నేను, తీసుకోలేకపోయా.

ఆ 32 కాపీల్లో ఎంతమంది చదివారో నాకు తెలుసు, ఎందుకంటే తర్వాత ఆవిడే చెప్పింది, ఇద్దరు. అందులో ఒకావిడ స్కూలు టీచరంట, ఆవిడ మాత్రం మళ్ళీ పనికి పిలిచింది.

ఇప్పుడు నాకు అర్థం కానిది అడుగుతా. 2022లో క్రిమినల్ ప్రొసీజర్ ఐడెంటిఫికేషన్ చట్టం తెచ్చారు. అరెస్టయిన మనిషి వేలిముద్రలు, కంటిపాప స్కాను, ఫోటో ఇవన్నీ తీసుకుని 75 ఏళ్ళ దాకా రికార్డులో ఉంచొచ్చని అందులో ఉంది. చాలా కఠినమైన చట్టమని అప్పట్లో గొడవైంది కూడా. అంత కఠినమైన చట్టంలోనే ఏముందంటే, ముందు ఏ శిక్షా పడని మనిషి విచారణ లేకుండా బయటపడినా, కోర్టు డిశ్చార్జి చేసినా, కేసు కొట్టేసినా, పైకోర్టుల దారులన్నీ అయిపోయాక ఆ రికార్డు నాశనం చేసెయ్యాలి, కోర్టు కారణం రాసి ఉంచమంటే తప్ప. అంటే పోలీసుల బీరువాలో ఉన్న ఫోటోకేమో చెరిపేసే రూలు ఉంది, నాలుగు లక్షల ఫోన్లలోకి వెళ్ళే ఫోటోకి నాకు తెలిసి అలా చెరిపేసే రూలు లేదు. ఇది ఏ లెక్కండి?

పారదర్శకత అంటారు, అరెస్టు దాచితే లాకప్‌లో ఏం జరిగిందో ఎవరికి తెలుస్తుందంటారు. అది నిజమైన మాటే, నేను కాదనను. అందుకే కదా 2024 జూలై 1 నుంచి పాత సీఆర్‌పీసీ బదులు వచ్చిన కొత్త చట్టం, బీఎన్ఎస్ఎస్ (భారతీయ నాగరిక్ సురక్షా సంహిత), 37వ సెక్షన్‌లో అరెస్టయినవాళ్ళ పేర్లు, అడ్రసులు, ఏ నేరమో ప్రతి స్టేషన్‌లో, జిల్లా హెడ్‌క్వార్టర్స్‌లో కనపడేలా పెట్టాలని రాశారు. దానికో ఆఫీసర్ని కూడా పెట్టమన్నారు. ఎఫ్ఐఆర్లు కూడా, సున్నితమైన కేసులు తప్పించి, 24 గంటల్లో వెబ్‌సైట్‌లో పెట్టాలని సుప్రీంకోర్టు 2016లోనే చెప్పింది. మనిషి కనపడకపోతే ఇంట్లోవాళ్ళు వెతుక్కోడానికి ఇవి చాలు. వీటిలో ఎక్కడా మొహం చూపించమని లేదు. పేరు చదివి మర్చిపోతారు జనం, మొహం మర్చిపోరు.

ఇంకో సంగతి, ఇది లాయర్లు మా షాపులో టీ తాగుతూ మాట్లాడుకునేది, బయట జనానికి పెద్దగా తెలీదు. చైన్ స్నాచింగ్ అనుకోండి, దొంగని బాధితురాలు ముందెప్పుడూ చూసుండదు, అలాంటప్పుడు ఐడెంటిఫికేషన్ పరేడ్ పెడతారు. మెజిస్ట్రేటు గారు జైలుకెళ్ళి, అనుమానితుణ్ణి అదే వయసు, అదే పోలికలున్న ఇంకొంతమందితో కలిపి నిలబెట్టి, వీళ్ళల్లో ఎవరమ్మా అని అడుగుతారు. ఆవిడ గుర్తుపడితే కేసుకి బలం. కానీ అరెస్టు ఫోటో అప్పటికే ఆవిడ ఫోన్లోకి వచ్చేసుంటే? ముద్దాయి తరఫు లాయరు మొదటి ప్రశ్నే అది, మీరు ఫోటో ముందే చూశారా అని. చూశానంటే ఆ పరేడ్‌కి విలువ పోయినట్టే. నిజంగా దొంగతనం చేసినోడు కూడా ఆ సందులోంచి బయటకొచ్చేస్తాడు. అంటే లైకుల కోసం పెట్టిన ఫోటో చివరికి దొంగకి పనికొస్తుంది. కేంద్ర హోం శాఖ 2010లోనే రాష్ట్రాలకి చెప్పింది, అరెస్టయినవాళ్ళని మీడియా ముందు ప్రదర్శించొద్దని, పరేడ్ అవసరమున్నవాళ్ళ మొహాలు బయటపెట్టొద్దని. 2023 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు కూడా పోలీసులు మీడియాతో ఎలా మాట్లాడాలో మాన్యువల్ తయారుచెయ్యమని హోం శాఖకి గడువు పెట్టి చెప్పింది. కాగితం మీద అన్నీ ఉన్నాయి.

పిల్లల సంగతి అయితే ఇంకా స్పష్టంగా ఉంది, జువెనైల్ జస్టిస్ చట్టం 74వ సెక్షన్, పిల్లల గుర్తింపు బయటపెడితే ఆరు నెలల వరకు జైలు లేదా రెండు లక్షల వరకు జరిమానా, రెండూ వేయొచ్చు. కళ్ళ మీద నల్ల గీత పెడితే చాలనుకుంటారు చాలామంది. ఆ వీధిలో ఉన్నోళ్ళకి చొక్కా చాలు, నిలబడిన తీరు చాలు.

నాతో ఒప్పుకోనివాళ్ళు అడిగేది నాకు తెలుసు, మా ఇంటావిడే అడిగింది. మెళ్ళో గొలుసు తెంపుకుపోయినోడి మొహం చూపిస్తే తప్పేంటి, మిగతా ఆడవాళ్ళు జాగ్రత్తపడతారు కదా అని. ఉద్యోగాల పేరుతో మోసం చేసినోడి సంగతేంటి అని. 2024లో మన విశాఖ పోలీసులు కంబోడియా ఉద్యోగాల మోసం బయటపెట్టారు కదా, డేటా ఎంట్రీ పనని తీసుకెళ్ళి అక్కడ సైబర్ నేరాలు చేయించారు మన కుర్రాళ్ళతో. అలాంటి ఏజెంటు దొరికితే ఫోటో చూసి ఇంకో నలుగురు బాధితులు ముందుకొస్తారు, కరెక్టే. పరారీలో ఉన్నోడి ఫోటో పెట్టాలి, అదీ కరెక్టే. ఇలాంటి చోట ఫోటోకి ఒక పని ఉంది. పై ఆఫీసరు ఎందుకు పెడుతున్నామో కాగితం మీద రాసి, ఇన్ని రోజులకి తీసేస్తామని చెప్పి పెట్టనివ్వండి. కానీ దొరికినోణ్ణి, రిమాండుకి పంపినోణ్ణి, బ్యాగు ఎవడిదో ఇంకా తేలనోణ్ణి పెట్టడం వల్ల ఎవరు ముందుకొస్తారు? పొరుగింటోళ్ళు తలుపేసుకోవడం తప్ప ఇంకేం జరగదు.

2023 నవంబర్‌లో ఫిషింగ్ హార్బర్‌లో బోట్లు తగలబడ్డ రాత్రి మనందరికీ గుర్తే. తెల్లారేసరికి ఒక యూట్యూబర్ కారణమని ఊరంతా అనేసింది, టీవీల్లో ఫోన్లలో అతని మొహమే. తర్వాత సీసీ కెమెరాలు అవీ చూసి అది వేరేవాళ్ళ వల్ల జరిగిందని పోలీసులే చెప్పారు. అప్పుడు ఆ మొహాన్ని తిప్పింది పోలీసుల పేజీ అని నేననట్లేదు, మనమే, జనమే, మీడియానే. ఎవరు పెట్టినా ఆ ఒక్కరోజులో అయ్యేది అదే. అంత ఆకలి మీద ఉన్న జనానికి పోలీసు స్టాంపు వేసి మరీ ఫోటో ఇస్తే ఇంక అడ్డేముంది.

దేశం మొత్తం మీద 2022 లెక్కల ప్రకారం జైళ్ళలో ఉన్న ప్రతి నలుగురిలో ముగ్గురు విచారణ ఖైదీలే, 75.8 శాతం. శిక్ష పడినవాళ్ళు కాదు. మన అడవివరం సెంట్రల్ జైలుకి ములాఖత్ కోసం వెళ్ళే తల్లులు నా షాపులోనే ఆధార్ కాపీలు తీయించుకుంటారు, వాళ్ళ కొడుకుల్లో ఎవడు చేశాడో ఎవడు చెయ్యలేదో నాకు తెలీదు, ఫోన్లో చూసేవాళ్ళకీ తెలీదు, ఆ రోజుకి పోలీసులకీ పూర్తిగా తెలీదు.

అందుకే నేను అడిగేది పెద్దదేం కాదు. పట్టుకున్న గంజాయి చూపించండి, బండి చూపించండి, ఎన్ని కేసులు ఛేదించారో చెప్పండి, మేమే షేర్ చేస్తాం. మొహాలు మాత్రం వద్దు. ఇప్పటికే పెట్టేసినవి ఉన్నాయి కదా, వాటిలో కేసు కొట్టేసినవాళ్ళవి, ఛార్జిషీటులోంచి తీసేసినవాళ్ళవి ఏరి తీసెయ్యండి. తీసేసి ఊరుకోవద్దు, అదే పేజీలో, అంతే పెద్ద అక్షరాలతో, తెలుగులో, ఫలానా కేసులో ఫలానా వ్యక్తికి సంబంధం లేదని తేలింది అని పెట్టండి, ఆ మనిషి పెట్టమంటేనే. స్టేషన్లలో సోషల్ మీడియా చూసే కానిస్టేబుళ్ళు ఉంటున్నారు ఇప్పుడు, పోస్టు పెట్టడానికి పట్టే టైమే ఇదీ పట్టేది.

ఎడిటర్ గారూ, మీక్కూడా ఒక మాట. పోలీసులు పెట్టిన ఫోటోనే మర్నాడు జిల్లా పేజీలో మీలాంటి పేపర్లన్నీ వేస్తున్నాయి. ఏ పేపరనైనా తిరగేయండి, అరెస్టు వార్త మూడు కాలమ్‌లు ఉంటుంది, కేసు కొట్టేసిన వార్త ఎప్పుడైనా చూశామా? మీ కోర్టు రిపోర్టరు రోజూ మా షాపు ముందు నుంచే వెళ్తారు, ఒక్కసారి ఆగితే ఇలాంటి కాగితాలు వారానికి రెండైనా కనపడతాయి ఆయనకి.

ఈ ఉత్తరం టైపు చేసే ముందు ఆ పోలీసుల పేజీ తెరిచి చూశా. కిందికి చాలాసేపు స్క్రోల్ చేయాల్సొచ్చింది గానీ ఫోటో అక్కడే ఉంది, నీలం గళ్ళ చొక్కా, ఎడమ నుంచి రెండోవాడు. ఆ పిల్లాడు ఇప్పుడు బైక్ టాక్సీ మానేసి లోడింగ్ పనికి పోతున్నాడంట, హెల్మెట్ తీసి మొహం చూపించాల్సిన పనులు వద్దన్నాడంట.

ఇది వేస్తే నా పేరు, షాపు పేరు వెయ్యకండి దయచేసి. నాకు భయమై కాదు, షాపు తెలిస్తే ఆవిడెవరో చుట్టుపక్కల వాళ్ళకి తెలిసిపోద్ది.

ఇట్లు,
ఒక జిరాక్స్ షాపు అతను,
విశాఖపట్నం