హలపేన్యో: ఒక కాయ, మూడు పేర్లు

ప్రియమైన రాఘవా,

నీ ఉత్తరంలో ఆ మెక్సికో మిరపకాయ పేరును "జలపెనో" అని రాసి, పక్కన ప్రశ్నార్థకం కూడా పెట్టావు గనుక, ముందుగా ఆ అనుమానం తీరుస్తాను. స్పానిష్ వారు మొదటి అక్షరాన్ని "హ" అని పలుకుతారు, చివరి "న" మీద అలలాంటి గీత ఉండడంవల్ల అది "న్య" అవుతుంది. అందుచేత "హలపేన్యో" అనాలి. హలాపా ఊరిది అని దాని అర్థం. ఆ ఊరు వెరాక్రూజ్ రాష్ట్రానికి రాజధాని.

చిత్రమేమిటంటే, సొంత దేశంలోనే ఆ కాయకు ఈ ఒక్క పేరు చాలలేదు. మధ్య మెక్సికోలో పచ్చికాయను "క్వారెస్మేన్యో" అని కూడా అంటారు; ఈస్టరుకు ముందు వచ్చే ఉపవాస దినాలను బట్టి వచ్చిన పేరది. అదే కాయ చెట్టునే ఎర్రగా పండి, ఆపైన పొగలో ఎండితే "చిపోత్లే" అవుతుంది. ఈ మాట స్పానిష్ అక్కడికి రాకముందునుంచీ ఉన్న నావాట్ల్ భాషలోనిది: చిల్లి అంటే మిరప, పోక్త్లి అంటే పొగ. కండ మందంగా ఉండే కాయ కావడంవల్ల ఎండలో ఆరబెడితే లోపలి తడి ఆరేలోపే కుళ్లిపోతుంది కాబట్టి పొగను ఆశ్రయించారు. నన్నడిగితే, ఆ కాయకు అసలైన రుచి పుట్టేది అక్కడే.

కారం విషయంలో నువ్వు భయపడనక్కరలేదు. కారాన్ని కొలిచే స్కోవిల్ కొలతలో అది సుమారు 2,500 నుంచి 8,000 వరకే ఉంటుంది. హబనేరో అనే మరో మిరప లక్ష దాటుతుంది. అయితే గింజలు తీసేస్తే కారం పోతుందనుకోవడం పొరపాటు, కారమంతా గింజలు అంటుకొని ఉండే తెల్లటి కండలో ఉంటుంది. నేను ఆ కండను వేలితో గీరి తీసి, చేయి నీళ్లతో కడిగి, కాసేపటికి కన్ను నలుపుకున్నాను. కారం నీటికి కరగదు, నూనెకే కరుగుతుందన్న సంగతి ఆ పూట బాగా తెలిసివచ్చింది!

వంటలో దాని వాడకానికి అంతు లేదు. పచ్చివి సల్సా అనే అక్కడి పచ్చడిలో నూరుతారు, నిలువునా చీల్చి జున్ను కూరుతారు. క్యారట్, ఉల్లిపాయ ముక్కలతో వెనిగర్‌లో ఊరవేసే "ఎస్కబేచే" నాకు అన్నిటికన్నా ఇష్టం. 1940లలో మెక్సికోలోని పియెద్రాస్ నెగ్రాస్ ఊళ్లో ఇగ్నాసియో అనాయా అనే అతను మొక్కజొన్న చిప్స్ మీద జున్ను కరిగించి వేసినవి ఇలా ఊరిన ముక్కలే. అతని ముద్దుపేరు నాచో కావడంతో ఆ వంటకం నాచోస్ అయింది.

చిపోత్లే డబ్బా దొరికితే, మొదటిసారి ఒక్క కాయే మెత్తగా నూరి, చిక్కుడుగింజలు ఉడికేటప్పుడు కలుపు. మూత తీయగానే పొగ వాసన వస్తే సరిపోయినట్టే.

ఇట్లు,
నీ మాధవ