జోర్డాన్ బొమ్మ ఫొటోగ్రాఫర్‌ది కాదా?

సంపాదకుల వారికి నమస్కారం.

మా అనంతపురంలో ఏ గ్రౌండ్‌కి వెళ్లినా పిల్లల టీషర్టుల మీద, టోపీల మీద కాళ్లు బార్లా చాపి గాల్లోకి లేచిన అమెరికా బాస్కెట్‌బాల్ ఆటగాడు మైకేల్ జోర్డాన్ నల్లబొమ్మ కనబడుతుంది. షూల కంపెనీ నైకీ వాడే ఆ లోగో మీద నడిచిన కేసు గురించి ఫొటోలు తీసి బతికేవాడిగా ఈ ఉత్తరం రాస్తున్నాను.

1984లో లాస్ ఏంజెలెస్ ఒలింపిక్స్ ముందు లైఫ్ పత్రిక కోసం కో రెంట్‌మీస్టర్ అనే ఫొటోగ్రాఫర్ జోర్డాన్‌ను ఫొటో తీశాడు. ఆట మధ్యలో అనుకోకుండా దొరికింది కాదది. నార్త్ కరోలినా యూనివర్సిటీలో పచ్చిక మీద నిలబెట్టి, బ్యాలే డ్యాన్సర్‌లా ఎగరమన్నాడు. కుడిచేతి వాటం మనిషికి బంతి ఎడమచేతికి ఇచ్చాడు. వెనక ఆకాశం పడేలా కింది నుంచి తీశాడు. బాస్కెట్‌బాల్‌లో ఎవరూ అలా ఎగరరు. అంతా ఆయన ఆలోచనే.

నైకీ 150 డాలర్లిచ్చి, చూసుకోవడానికని ఆ స్లైడ్లు తీసుకుంది. తర్వాత వెనక చికాగో నగరం కనబడేలా అలాంటి ఫొటోనే తీయించుకుంది. రెంట్‌మీస్టర్ నిలదీస్తే రెండేళ్ల వాడకానికి 15,000 డాలర్లిచ్చింది. 1987లో ఆ భంగిమే లోగో అయింది.

తన ఫొటోను కాపీ కొట్టారని ఆయన 2015లో అమెరికాలో నైకీ మీద కేసు వేశాడు. భంగిమ ఎవరి సొత్తూ కాదని 2018లో అప్పీల్ కోర్టు కొట్టేసింది. రెండు ఫొటోల పోలికను విచారణ లేకుండా తేల్చకూడదని ముగ్గురు జడ్జీల్లో ఒకరు అన్నా లాభం లేకపోయింది. మరుసటి ఏడాది అక్కడి సుప్రీంకోర్టు కూడా వినలేదు.

భంగిమ ఎవరిదీ కాదన్న మాట ఒప్పుకుంటాను. లేకపోతే కూతకెళ్లే కబడ్డీ ఆటగాడిని మొదట తీసినవాడు మిగతా వాళ్లందరి కెమెరాలూ మూయించేస్తాడు. కానీ ఆ బొమ్మ దగ్గర ఆయన పేరు ఒక్కచోటైనా ఉండాల్సింది.

లాంగ్‌జంప్ గుంత పక్కన బోర్లా పడుకుని, కళ్లలో ఇసుక పడుతున్నా నేను తీసిన ఒక అమ్మాయి ఫొటోను ఈమధ్య ఒక టోర్నమెంట్ వాళ్లు నిలువెత్తు ఫ్లెక్సీ వేయించారు. నన్ను అడగలేదు. మూలన ఉన్న నా స్టూడియో పేరు కత్తిరించేశారు. అది చాలా బాధపెట్టింది. మన 1957 కాపీరైట్ చట్టంలో 57వ సెక్షన్ ప్రకారం, హక్కులు అమ్ముకున్నా సరే, ‘ఇది నా పని’ అని చెప్పుకునే హక్కు తీసినవాడికి ఉంటుంది. ఈ సంగతి ఫ్లెక్సీ షాపుల వాళ్లకూ, టోర్నమెంట్లు పెట్టేవాళ్లకూ తెలిసేలా మీ జిల్లా పేజీలో రాయండి. మీరు వేసే ప్రతి ఆట ఫొటో కిందా తీసినవారి పేరు వేయండి.

ఇట్లు,
ఒక స్టూడియో ఫొటోగ్రాఫర్,
అనంతపురం