రేడియేషన్ తర్వాత వచ్చే దగ్గు గురించి ముందే చెప్పాలి

ఛాతీకి రేడియేషన్ తీసుకుని ఇంటికెళ్లే క్యాన్సర్ రోగులకు, నెలల తర్వాత ఊపిరితిత్తులకు రాగల ముప్పు గురించి చాలాచోట్ల చెప్పడమే లేదు. ఇది కొత్తగా బయటపడిన సంగతి కాదు. ప్రయోగశాలల్లో చిట్టెలుకల ఛాతీపై ఎక్కువ మోతాదు రేడియేషన్ పంపితే మొదటి వారాల్లో అవి మామూలుగానే తిరుగుతాయి. సుమారు 3 నెలలకు ఊపిరితిత్తుల్లోని చిన్న గాలి గదుల్లో వాపు మొదలై శ్వాస వేగం పెరుగుతుంది. సి57బీఎల్/6 అనే ప్రయోగశాల చిట్టెలుకల జాతిలోనైతే 6 నెలలు దాటాక ఆ కణజాలం మచ్చకట్టి గట్టిపడుతుంది. మనుషుల్లోనూ వాపు ఎక్కువగా 1 నుంచి 6 నెలల మధ్య కనిపిస్తుంది. మా మేనత్తకు రొమ్ము క్యాన్సర్‌కు కరెంటు పెట్టించాక మూడో నెలలో పొడి దగ్గు పట్టుకుంది. ఎక్స్‌రేలో నీడ చూసి, కళ్లె పరీక్షలో ఏమీ రాకున్నా, టీబీ మందులు మొదలుపెట్టారు. ఆ నీడ సరిగ్గా రేడియేషన్ తగిలిన వైపే ఉందని ఎవరూ గమనించలేదు. చివరికి క్యాన్సర్ డాక్టరు స్టెరాయిడ్ మాత్రలు రాశాకే ఆయాసం తగ్గింది. ఆమె డిశ్చార్జి కాగితం మొత్తం ఇంగ్లిషులోనే ఉంది. చర్మానికి రాసే పూత గురించి ఉంది గానీ దగ్గు ఊసే లేదు. ఆరోగ్యశ్రీ కింద రేడియేషన్ ఇచ్చే ప్రతి ఆస్పత్రీ ఏ భాగానికి, ఎన్ని గ్రేలు (రేడియేషన్ మోతాదు కొలత), ఏ తేదీ వరకు ఇచ్చారో తెలుగులో రాసిన కార్డు రోగి చేతిలో పెట్టేలా ప్రభుత్వం నిబంధన తేవాలి. కొత్తగా దగ్గు, జ్వరం, ఆయాసం వస్తే ముందు ఆ కార్డు చూపించమని దానిపైనే పెద్ద అక్షరాల్లో ముద్రించాలి.

– ఒక పాఠకుడు, ఖమ్మం