కోటిపల్లి రేవులో చెప్పిన జవాబు

చి. అమ్మలుకు నాన్న ఆశీస్సులు. ఇక్కడ అందరం క్షేమం. దాళ్వా నాట్లు అయిపోయాయి, కాలువకు నీళ్ళు బాగానే వస్తున్నాయి.

కృష్ణబిలాల, తారల చుట్టూ పళ్ళెంలా తిరుగుతూ లోపలికి పడే వాయువు మీద నీ పరిశోధన గురించి ఆదివారం ఫోనులో నువ్వు అన్న మాట నన్ను వదలడం లేదు. "మూడేళ్ళుగా ఆల్ఫా అనే ఒక్క అక్షరం చుట్టూ తిరుగుతున్నాను నాన్నా, దాని వెనక ఏముందో నాకే పట్టుబడటం లేదు" అన్నావు. అప్పుడు సరైన మాట తోచలేదు, అందుకే ఇప్పుడు రాస్తున్నాను. ముందుగా నా పాత తప్పు ఒకటి దిద్దుకోవాలి.

నీకు తొమ్మిదేళ్ళప్పుడు కోటిపల్లి రేవులో పంటు ఎక్కి ముక్తేశ్వరం వెళుతున్నాం. గౌతమిలో పంటు పక్కనే చిన్న సుడి పడింది. కొబ్బరి డొక్క ఒకటి గిరగిరా తిరుగుతూ నడిమికి చేరింది. ఎందుకని అడిగావు. "మధ్యలో లాగుతుంది కాబట్టి" అన్నాను. ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్పేవాడిని, అంతటితో ఊరుకోకుండా ఉండవలసింది. లాగడం ఒక్కటే చాలితే భూమి ఎప్పుడో సూర్యుడిలో పడిపోయేది. సూర్యుడి చోట అంతే ద్రవ్యరాశి ఉన్న కృష్ణబిలాన్ని పెట్టినా భూమి ఇప్పటి దారిలోనే తిరుగుతుంది. తిరిగేది లోపలికి పడాలంటే తన తిరుగుడును, అంటే కోణీయ ద్రవ్యవేగాన్ని, ఇంకెవరికైనా ఇచ్చేయాలి. ఎవరికి, ఎలా అన్నదే కదా నీ మూడేళ్ళ పని.

కాలువ నడుమ నీరు వడిగా, గట్టు వార మెల్లగా పోతుంది. ఆ పొరలు ఒకదానితో ఒకటి ఒరుసుకుంటాయి. డిస్కులో, అంటే ఆ వాయువు పళ్ళెంలో, లోపలి వాయువుది వడి. బయటిది దాన్ని వెనక్కి పట్టి లాగుతుంది, అది బయటిదాన్ని ముందుకు తోస్తుంది. ద్రవ్యం లోపలికి, తిరుగుడు బయటికి. అయితే అణువుల సొంత స్నిగ్ధత, అంటే వాటి మధ్య ఒరిపిడి, ఇందుకు ఏ మూలకూ చాలదు. ప్రవాహపు ఊపు ముందు ఆ ఒరిపిడి ఎంత అల్పమో చెప్పే రెనాల్డ్స్ సంఖ్య అక్కడ కోటి కోట్లకు పైమాటే. ఆ ఒరిపిడినే నమ్ముకుంటే వాయువు పడటానికి కోట్ల ఏళ్ళు పట్టాలి. శ్వేత కుబ్జ తారల (ఇంధనం అయిపోయి కుంచించుకుపోయిన తారల) చుట్టూ ఉన్న డిస్కులు మాత్రం కొద్ది రోజుల్లోనే భగ్గున వెలిగి ఆరిపోతున్నాయి. 1973లో షకూరా, సున్యాయెవ్ చేసింది నాకు చాలా నిజాయితీ గల పనిగా తోస్తుంది. ఒరిపిడి ఎక్కడి నుంచి వస్తుందో తేలకపోయినా, అది వాయువు పీడనంలో ఒక వంతు అనుకుని, ఆ వంతుకు ఆల్ఫా అని పేరు పెట్టి లెక్క ముందుకు నడిపారు. జవాబు వచ్చి కూర్చోవడానికి చోటు ఖాళీగా ఉంచారు.

ఆ చోటు నిండిన తీరు నాకు ఎంత ఇష్టమో చెప్పలేను. ఒకే కేంద్రం చుట్టూ తిరిగే రెండు నావలను ఊహించు, ఒకటి కాస్త లోపల, ఒకటి కాస్త బయట. రెండింటినీ సైకిలు ట్యూబు రబ్బరుతో కట్టాం. లోపలిది వడిగలది కనుక ముందుకు పోతుంది, రబ్బరు సాగి దాన్ని వెనక్కి లాగుతుంది. తిరుగుడు పోగొట్టుకున్న ఆ నావ ఇంకా లోపలికి జారుతుంది, అక్కడ దాని వడి తగ్గదు సరికదా పెరుగుతుంది. బయటి నావ ఆ తిరుగుడును అందుకుని ఇంకా దూరం జరుగుతుంది. రబ్బరు మరింత సాగుతుంది, కథ మరింత ముదురుతుంది. ఆ రబ్బరే అయస్కాంత క్షేత్రం. క్షేత్రం బలహీనంగా ఉండటమే ఇక్కడ కీలకం. రబ్బరు బదులు మోకు కట్టి ఉంటే నావలు విడిపోయేవే కావు. ఈ అస్థిరతను 1959లో వెలిఖోవ్, 1960లో మన చంద్రశేఖర్ లెక్కగట్టారు. డిస్కులకు ఇదే తాళంచెవి అని 1991లో బాల్బస్, హాలీ చూపేదాకా అది ముప్ఫై ఏళ్ళు పుస్తకాల్లోనే ఉండిపోయింది. కాబట్టి నీ మూడేళ్ళకు దిగులు పడకు.

నీ కంప్యూటర్ లెక్కల్లో ఆల్ఫా 0.01 దగ్గర ఆగిపోతోందని, తారల వెలుగు చూస్తే 0.1 దాటాలని అన్నావు. డిస్కును నిలువుగా చీల్చుకుపోయే క్షేత్రం ఉంటే ఆ విలువ పెరుగుతుంది కదా. నీ లెక్కలో అలాంటి క్షేత్రం పెట్టావా, లేక మొత్తం మీద సున్నా అయ్యేలా పెట్టావా? ముందు అది చూడు.

పేలిపోయిన పెద్ద తారల గట్టి గుజ్జులైన న్యూట్రాన్ తారల సంగతి వేరు. వాటిలో ఎక్స్-రేలను తిరుగుతూ విరజిమ్మే ఎక్స్-రే పల్సార్ మీద క్షేత్రం లక్ష కోట్ల గాస్ (అయస్కాంత క్షేత్రానికి కొలత) వరకూ ఉంటుంది. అది కొన్ని వేల కిలోమీటర్ల దూరంలోనే, లాకు తలుపులు మూసినట్టు, డిస్కును ఆపేస్తుంది. వాయువు క్షేత్రరేఖల వెంట ధ్రువాల మీదికి దిగుతుంది. కృష్ణబిలానికి సొంత తలుపు లేదు. వాయువు మోసుకొచ్చిన క్షేత్రమే గుమ్మం ముందు పేరుకుంటుంది. మన లాకు దగ్గర గుర్రపుడెక్క మూసుకుపోతే నీరు సందు దొరికిన చోటల్లా దూరిపోవడం చూశావు కదా, వాయువు కూడా అలాగే పాయలు పాయలుగా లోపలికి దూరుతుంది. 2003లో నారాయణ్, ఇగుమెన్‌షెవ్, అబ్రమోవిచ్ వివరించినది ఈ స్థితినే. ఎం87 గెలాక్సీ నడిమి కృష్ణబిలం ధ్రువిత కాంతి (ఒకే దిశలో కంపించే కాంతి) చిత్రం 2021లో వచ్చినప్పుడు క్షేత్రం సుడి తిరిగి బారులు తీరి కనిపించింది. 650 కోట్ల సూర్యుల ద్రవ్యరాశి, దాని పక్కన క్షేత్రం మాత్రం 1 నుంచి 30 గాస్. ఆ రాత్రి నాకు నిద్ర పట్టలేదు.

ఒక్క సందేహం మిగిలింది. జంట తారల్లో బయటికి పోయిన తిరుగుడు డిస్కు అంచుకు చేరి, ఆటుపోట్ల బలంతో తోడు తార కక్ష్యలోకే తిరిగి పోతుంది. ఎం87కు తోడు తార లేదు. అక్కడ డిస్కు నుంచి లేచే గాలుల వెంట ఎంత పోతుంది, డిస్కు గుండా బయటికి ఎంత పోతుంది? నీ లెక్కలో ఆ వాటాలు విడివిడిగా తేలితే ఉగాదికి వచ్చేటప్పుడు కాగితం మీద అచ్చు తీసి పట్టుకురా. ఫోను తెర మీద గీతలు నా కళ్ళకు ఆనడం లేదు.

నాన్న